నాన్న చేతిలో తెడ్డు

మొన్న ఆదివారం పేపర్లో, జిల్లా పేజీ అడుగున ఒక ఫొటో వేశారు. కృష్ణలో ఇసుక మేట మీద మూడు నాలుగు జంతువులు తడిసిన ఒంటితో, మెడలు సాచి కెమెరా వైపు చూస్తున్నాయి. అరుదుగా కనిపించే నీటికుక్కలట. మా ఆవిడ చూసి, “ముంగిసల్లా ఉన్నాయే, ముద్దుగా” అంది. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. నా చెవులు వేడెక్కాయి. ముప్పయ్యేళ్ళ మనిషికి ఒక ఫొటో చూసి చెవులు వేడెక్కడం ఏమిటో ఆమెకు ఆ పూట చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు చల్లపల్లి దాటాక, కృష్ణ కరకట్ట పక్కన ఉండేది. వేసవి సెలవులివ్వగానే బెజవాడలో బస్సెక్కేవాళ్ళం. కళ్ళు మూసుకుని కూర్చున్నా ఎక్కడున్నామో ముక్కుకు తెలిసేది. ముందు కాలవ నీళ్ళ వాసన, ఉయ్యూరులో చక్కెర మడ్డి వాసన, చల్లపల్లిలో జట్కా ఎక్కితే గుర్రం వాసన, తడి గడ్డి వాసన. కరకట్ట ఎక్కగానే ఏటి గాలి తగిలి ఆ వాసనలన్నీ ఒక్కసారిగా పోయేవి.

ఆ ఇంట్లో నాన్న పెద్దల్లుడు. బెజవాడలో ఒక కాలేజీలో లెక్కల లెక్చరరు. అల్లుడికి జరగాల్సిన మర్యాదలన్నీ జరిగేవి. వెండి గ్లాసులో మజ్జిగ, పట్టెమంచం మీద ఉతికిన దుప్పటి, మొదటి బంతిలో మొదటి విస్తరి, గడ్డపెరుగు మీద మీగడంతా ఆయనకే. అమ్మమ్మ ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. తలుపు చాటున నిలబడి, “మీ నాన్నగారికి ఇంకో గరిటె పప్పు కావాలేమో అడగరా” అని నాతో అనేది. నేను అడిగేలోపే నాన్న, “చాలని చెప్పరా” అనేవారు. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం కూడా ఉండేది కాదు.

ఈ మర్యాదలన్నిటికీ విరుగుడు మా మావయ్య. అమ్మకు తమ్ముడు. ఏటి మధ్య లంకలో అరటి, పసుపు వేసేవాడు. బావను ఆటపట్టించడం బావమరిది హక్కని ఆ ఊళ్ళో అందరూ ఒప్పుకున్నదే గానీ, మావయ్య దాన్ని సేద్యం చేసినంత శ్రద్ధగా చేసేవాడు. కాఫీలో ఉప్పు కలపడం, చెప్పులు కోడిగూట్లో దాచడం, పడుకున్నప్పుడు పంచె కొస మంచంకోడుకు ముడెయ్యడం. ఇందులో చాలా పనులు నా చేతుల మీదుగానే జరిగేవి. ఉప్పు చెంచాకు నాకు ఒక ముంజకాయ కూలి.

“బావగారూ, మీ లెక్కల్లో ఈత ఉందా?” అనేవాడు మావయ్య.

నాన్నది కొండపల్లి దగ్గర మెట్ట ఊరు. ఈత రాదు. నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోవడం నేను గమనించేవాణ్ణి. ఆ ఇంట్లో మావయ్య నవ్వలేని పని ఒక్కటి చెయ్యాలని నాన్నకు ఎంత ఉండేదో, సెలవులకు వారం ముందు నుంచి ఆయన అద్దంలో చూసుకుంటూ గొంతు సవరించుకునే తీరులోనే తెలిసేది.

నాకు పదకొండేళ్ళు వచ్చిన వేసవి మేము వెళ్ళేసరికి ఇల్లంతా ఆవపిండి ఘాటు. అమ్మా, అమ్మమ్మా, ఇద్దరు పక్కింటి వాళ్ళూ కూర్చుని ఆవకాయ కలుపుతున్నారు. ఎవరు ఏది అడిగినా తుమ్ముతూనే జవాబు చెప్పేవారు. మర్నాడు పొద్దున మావయ్య చద్దన్నం తింటూ అన్నాడు.

“పాలేరు జొరం అని పడుకున్నాడు. మధ్యాహ్నం లంకలోకి క్యారేజి తెచ్చేవాడు లేడు. బావగారు తెస్తారేమో.”

“ఊరుకోరా, అల్లుడుగారితోనా ఆ మాటలు!” అని తలుపు చాటు నుంచి అమ్మమ్మ తుమ్మింది.

“తెస్తాను” అన్నారు నాన్న.

“దోనెలోనండీ. బస్సు పోదు అక్కడికి.”

“దోనెలోనే తెస్తాను.”

“ఈతో?”

“దోనె మునిగితే కదా ఈత సంగతి.”

తాతయ్య చుట్ట తీసి గట్టిగా నవ్వాడు. “చెప్పాడ్రా మా అల్లుడు!” అన్నాడు. మావయ్య కూడా నవ్వాడు గానీ, ముద్ద చేతిలో ఉండగానే నాన్న వైపు కాసేపు చూశాడు.

మాకూ లంకకూ మధ్య ఒక పాయ ఉండేది. ఎండాకాలం పైన కృష్ణంతా ఇసుకే అయినా, మా వైపు సముద్రం దగ్గర కాబట్టి పాయలో నీళ్ళు నిలిచి ఉండేవి. దోనె అంటే రెండు తాటిమానులు తొలిచి, పక్కపక్కన చేర్చి, అడ్డకర్రలతో బిగించింది. ముందు నేను క్యారేజి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనక నాన్న, తెడ్డుతో. మొదట్లో దోనె ఒక చోటే గుండ్రంగా తిరిగింది. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు పని ఆపి చూశారు. తరువాత నాన్నకు ఏదో పట్టు దొరికింది. కుడివైపు రెండు, ఎడమవైపు రెండు వేస్తే తిన్నగా పోతుందని కనిపెట్టి, పెద్ద సిద్ధాంతం రుజువైనట్టు పైకి చెప్పారు. పప్పు ఒలకలేదు. చేపల పులుసు ఒలకలేదు. మావయ్య క్యారేజి గిన్నెలన్నీ విప్పి చూసి, “మజ్జిగ కూడా ఒలకలేదే” అని కొంచెం నిరాశగా అన్నాడు.

అంత సంతోషంగా నాన్నను అంతకుముందు నేను చూడలేదు. చొక్కా చేతులు పైకి మడిచారు. సాయంత్రం ఎండ తగ్గాక, మావయ్య అరటి గెలలు రేవుకు చేర్చే పనిలో ఉంటే, మేమిద్దరం ఖాళీ క్యారేజీతో బయలుదేరాం.

“తిన్నగా పోవడమెందుకురా, లంక కొస చుట్టి పోదాం” అన్నారు నాన్న.

లంక కొసన రెల్లు మనిషికంటే ఎత్తుగా ఉంటుంది. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. కుళ్ళిన జమ్ము వాసన. మాకు వెనకగా, నాలుగైదు మూరల దూరంలో ఒక ఇసుక మేట. నాన్న తెడ్డు ఆపి, దోనె ఎందుకు తేలుతుందో నాకు చెప్పడం మొదలుపెట్టారు. “ఇప్పుడు మన బరువెంత ఉందో, అంత బరువు నీళ్ళు పక్కకి...”

మాట అక్కడ ఆగిపోయింది.

ఎదురుగా రెల్లులోంచి ఒక తల వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తరువాత ఒక వరస. నీళ్ళ మీద తలలు తప్ప ఏమీ కనబడటం లేదు. అవి మా వైపే వస్తున్నాయి.

“మొసళ్ళురా!” అన్నారు నాన్న. అది ఆయన గొంతులా లేదు.

దోనె ఒక్కసారి వెనక్కి ఒరిగి, మరుక్షణం బాణంలా ముందుకు పోయింది. నేను క్యారేజి మీద బోర్లా పడ్డాను. లేచి వెనక్కి చూస్తే దోనెలో నాన్న లేరు. ఇసుక మేట అంచున, మోకాలు లోతు నీళ్ళలో ఉన్నారు. మనిషి దూకితే దోనె ఎదురు వైపుకు పోతుంది. ఏ స్కూలు పుస్తకంలోనైనా ఉండే బొమ్మే అది. ఆయన కాలు దోనెను ఎంత బలంగా తన్నిందో, నేను ఆ తలల వైపు అంత వేగంగా పోయాను.

నేను భయపడ్డానా అంటే, దూకిన కుదుపుకు భయపడ్డాను. వాటికి కాదు. దగ్గరకొచ్చేసరికి అవి మొసళ్ళు కావని నాకు తెలిసిపోయింది. గుండ్రటి తలలు, చిన్న చెవులు, మీసాలు. ఒకటి వెల్లకిలా తేలుతూ, చేపను రెండు చేతులతో పట్టుకుని మొక్కజొన్న పొత్తు తిన్నట్టు తింటోంది. అవి ఈలలు వేసుకుంటున్నాయి. పిల్లలు ఒకరినొకరు పిలుచుకున్నట్టు సన్నటి ఈలలు. ఒకటి ముందు కాళ్ళు దోనె అంచున ఆనించి పైకి లేచి నా మొహంలోకి చూసింది. దాని ఊపిరి చేపల వాసన వేసింది. మీసాల చివర నీటి చుక్కలు. అంత అందమైన ప్రాణిని అంత దగ్గరగా నేను మళ్ళీ చూడలేదు. అది క్యారేజీని ఒకసారి వాసన చూసి, నచ్చక, నీళ్ళలోకి జారిపోయింది. మిగతావీ దాని వెనకే వెళ్ళిపోయాయి. అప్పుడు నాకు నాన్న కేకలు వినిపించాయి.

ఆయన తెడ్డు రెండు చేతులతో నెత్తి మీదికెత్తి, నడుము లోతు నీళ్ళలోకి వచ్చి, నా పేరు పెట్టి అరుస్తున్నారు. అంతకన్నా ముందుకు రాలేకపోతున్నారు. కేకలు విని మావయ్య రెల్లు తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది సరిగ్గా అప్పుడే. అతను చూసింది ఇంతే. పిల్లవాడు దోనెలో ఉన్నాడు. తండ్రి నీళ్ళలో తెడ్డెత్తి నిలబడ్డాడు. నీటి మీద ఏదో పెద్దది కదిలి మాయమైంది.

మావయ్య ఈదుకొచ్చి దోనెను ఒడ్డుకు లాగాడు. “ఏంట్రా? ఏమైంది?”

నేను నాన్న వైపు చూశాను. ఆయన కింది పెదవి వణుకుతోంది. పొద్దుటి నుంచి ఆయన ఒక్క చుక్క కూడా ఒలకనివ్వని సంతోషమంతా పోయేలా ఉంది.

“మొసలొచ్చింది మావయ్యా. నాన్న తెడ్డుతో కొట్టారు” అన్నాను.

నాన్న నోరు తెరిచారు. మావయ్య అప్పటికే తడి చేతులతో ఆయన్ని వాటేసుకున్నాడు. “బావా! ఈత రాని మనిషివి... బావా!” అంటున్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆ తరువాత ఆ కథ మా ఇద్దరి చేతుల్లోనూ లేదు. అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. కోడిని కోశారు. తాతయ్య అరుగు మీద వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. మొసలి పులిచింతల వైపు నుంచి పోయినేటి వరదకు కొట్టుకొచ్చి ఉంటుందన్నాడు. రెండో రోజుకు దాని పొడవు దోనెకు సమానమైంది. తెడ్డు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, వసారాలో మేకుకు తగిలించారు. పిల్లలొచ్చి దాన్ని ముట్టుకుని పోయేవారు. నాన్న దాని కింద నుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా తల వంచుకునేవారు. తల తగులుతుందని కాదు.

మూడో రోజు అరటి తోటలో పనికి రావలసిన ఆడకూలీలు రేవులో ఆగిపోయారు.

“మొసలుంటే మేం దోనెక్కం బాబూ” అంది వాళ్ళలో పెద్దామె. “మేష్టారుగారు కూడా వస్తారంటే సరే.”

మావయ్య ఇంటికొచ్చి, చేతులు కట్టుకుని నాన్న ముందు నిలబడ్డాడు. అతను అలా నిలబడటం ఎన్నడూ చూడలేదు. “బావగారూ, తోట ఎండిపోద్ది. మీరు దోనెలో ఊరికే కూర్చుంటే చాలు” అన్నాడు.

నాన్న కాదనలేకపోయారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, తెడ్డు మేకు మీద నుంచి దించుకుని దోనె ముందు భాగాన కూర్చునేవారు. వెనక మావయ్య గడ వేసేవాడు. మధ్యలో ఆడవాళ్ళు. నేను నాన్న పక్కన. ఆయన వేళ్ళు తెడ్డు మీద తెల్లబడి ఉండేవి. ఆకు కదిలినా చటుక్కున అటు తిరిగేవారు. వెనక ఆడవాళ్ళు మాత్రం ధైర్యంగా ఆవకాయల గురించీ, కోడళ్ళ గురించీ మాట్లాడుకునేవారు.

“మేష్టారూ, ఆ మొసలికి మీ కాలేజీలో సీటిప్పించరాదూ? పీడా పోద్ది” అని ఒకామె అనేది. అందరూ నవ్వేవారు. నాన్న కూడా నవ్వాలి కాబట్టి నవ్వేవారు.

ఒక సాయంత్రం తిరిగి వస్తుంటే ఈలలు వినిపించాయి. సన్నటి ఈలలు. నేను నాన్న చొక్కా పట్టుకోబోయి ఆగాను. రెల్లులోంచి తలలు వరసగా వచ్చాయి. నాన్న సగం లేచారు. దోనె ఊగింది.

“కూర్చోండి మేష్టారూ, కూర్చోండి!” అని పెద్దామె నవ్వేసింది. “నీటికుక్కలండీ. మా చిన్నప్పుడు వలలన్నీ చింపి పోగులు పెట్టేయి. ఎన్నాళ్ళయిందో చూసి!”

“మొసలిని కొట్టినోరికి ఇయ్యొక లెక్కా” అంది ఇంకొకామె.

నాన్న కూర్చున్నారు. నీళ్ళలో ఒకటి వెల్లకిలా తిరిగి చేప తింటోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తరువాత మెల్లగా నా వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. నాకు ఆ రోజే తెలుసునన్న సంగతి ఆయనకు అర్థమైంది. నేను క్యారేజి మూత తీసి మళ్ళీ పెట్టాను. ఏమీ తోచక మళ్ళీ తీశాను.

ఆ పూట భోజనాల దగ్గర తాతయ్య ఎవరో చుట్టానికి మొసలి కథ మొదలుపెట్టాడు. నాన్న చెయ్యి విస్తట్లో ఆపి, “అది మొసలి కాదండీ” అన్నారు.

అందరూ ఆగారు.

“నీటికుక్కలు. నేను మొసళ్ళనుకుని భయపడి దూకేశాను. పిల్లాణ్ణి దోనెలో వదిలేసి దూకాను.”

ఆవకాయ బద్ద కొరుకుతున్న చుట్టం నమలడం ఆపాడు. తరువాత తాతయ్య మొహం మెల్లగా విచ్చుకుంది.

“విన్నారా! నేను చెప్పలా? గొప్ప చెప్పుకునే రకం కాదని! నీళ్ళల్లో తెడ్డెత్తి నిలబడ్డ మనిషిని మా అబ్బాయి కళ్ళారా చూశాడయ్యా.”

“దూకాక నిలబడ్డానండీ.”

“మరి దూకకుండా ఎట్టా కొడతారు?”

చుట్టం పెద్దగా నవ్వాడు. నాన్న నా వైపు తిరిగారు. “నువ్వు చెప్పరా. ఏం జరిగిందో చెప్పు.”

నేను చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను. “నాన్న దూకేశారు తాతయ్యా. మొసలి లేదు. నేనే అబద్ధమాడాను.”

“చూశారా!” అన్నాడు తాతయ్య, నా వీపు మీద చరిచి. “తండ్రి నేర్పినట్టు ఎంత చక్కగా చెప్తున్నాడో. తండ్రికి తగ్గ కొడుకు!”

అప్పుడు అమ్మమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. పెరుగు గిన్నె పట్టుకుని నాన్న ఎదురుగా నిలబడింది. “మీ సంగతి మాకు తెలుసు అల్లుడుగారూ. మీరు అన్నం తినండి” అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయనతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. నాన్న తల దించుకుని, ఆమె వడ్డించిన మీగడంతా తిన్నారు.

మావయ్య ఒక్కడే నవ్వలేదు. నన్నొకసారి, నాన్ననొకసారి చూసి, మజ్జిగ పోసుకుని తాగి లేచిపోయాడు. ఆ తరువాత అతను నాన్న కాఫీలో ఉప్పు వేయించలేదు. చెప్పులు దాచలేదు. మిగిలిన సెలవులన్నీ, ఆ తరువాతి ఏళ్ళలోనూ, “రండి, కూర్చోండి, తినండి” అని మాత్రమే అనేవాడు. నమ్మి గౌరవించాడో, నిజం తెలిసి జాలిపడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. రెంటిలో ఏదైనా నాన్నకు అది ఉప్పు కాఫీ కన్నా కష్టంగానే ఉన్నట్టుంది.

సెలవులు అయిపోకముందే మేమిద్దరం బయలుదేరాం. కాలేజీలో పేపర్లు దిద్దే పని ఉందన్నారు నాన్న. అమ్మ ఆవకాయ జాడీలతో వెనక వస్తానంది. చల్లపల్లిలో ఎక్కిన బస్సు ఖాళీగా ఉంది. నేను కిటికీ పక్కన, నాన్న ఇవతల. చాలా దూరం పోయాక, ముందు సీటు కమ్మీని చూస్తూ ఆయన మాట్లాడారు.

“మొన్న వాళ్ళకి చెప్పింది కూడా నిజం కాదురా.”

“ఏది నాన్నా?”

“నిన్ను వదిలేసి దూకానన్నాను కదా. వదిలెయ్యాలంటే నువ్వున్నావని ముందు గుర్తుండాలి. నాకు గుర్తు లేదు. ఇసకలో కాలు దిగాక గుర్తొచ్చావు.”

లెక్కల మేష్టారి కొడుకును. లెక్కలో తేడా కనబడితే అడగకుండా ఉండలేను. “మరి తెడ్డు గుర్తుందిగా?” అన్నాను. దెప్పడానికి కాదు. నిజంగానే తెలుసుకుందామని.

నాన్న తన అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. “అది చేతిలో ఉందిరా” అన్నారు.

తరువాత నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నారు. నేను కాస్త పెద్దవాణ్ణయ్యాక ఆయన నా చెయ్యి అలా పట్టుకోలేదు. అరచెయ్యి చెమటగా ఉంది. రెండు పక్కలా కోతలైన పొలాలు, గడ్డివాములు, పశువులు వెనక్కి పోతున్నాయి. ఆయన గట్టిగా పట్టుకోలేదు. పట్టుకున్న సంగతి మర్చిపోకుండా ఉండటానికన్నట్టు, మధ్యమధ్యలో వేళ్ళు కదిలిస్తున్నారు.

దూకడం గురించి నేను ఆయన్ని ఎన్నడూ తప్పుపట్టలేదు. ఒళ్ళు చేసే పనికి మనిషి బాధ్యుడా అని కాలేజీ రోజుల్లో స్నేహితులతో గంటలకొద్దీ వాదించాను, ఎవరి గురించో చెప్పకుండా. అబద్ధం గురించి కూడా నన్ను నేను క్షమించుకున్నాను. చిన్నవాణ్ణి, ఆయన పెదవి వణుకుతోంది. కానీ ఆ బస్సులో నేను చేసింది ఎవరికీ చెప్పలేదు, నాన్నతో సహా.

పామర్రులో జనం తోసుకుని ఎక్కారు. అందులో నా ఈడు కుర్రాళ్ళు ఇద్దరున్నారు. మా సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఒకడు మా చేతుల వైపు చూశాడు. పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. నేను కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు అటు తిరిగి, నా చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కున్నాను.

నాన్న వెంటనే వదిలేశారు.